తప్పు మీద ఒక్క గీత

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. సుల్తానాబాద్ రైసుమిల్లుల గుమస్తాగ నీ కుర్చీల ఇప్పుడు నేనే కూసుంటున్న. పొద్దటి ఎండ కిటికీల నుంచి పడితే ఊకదుమ్ము పొగమంచు తీరుగ మెల్లగ తేలుతది. అండ్ల నువ్వు లెక్కల పుస్తకం తెరుస్తున్నట్టే అనిపిస్తది.

మొన్న ఆడిటర్ సారొచ్చిండు. "మీ మిల్లుల లెక్కలు ఎవరు రాస్తరు, ఎట్ల రాస్తరు, తప్పు పడితే ఎట్ల దిద్దుతరు, అన్నీ కాయిదం మీద పెట్టాలమ్మా. కానూన్ అడుగుతది" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. నువ్వేడ రాసిపెట్టినవ్? అంతా నోటితోనే నేర్పితివి. నీ గొంతు యాది చేసుకుంట మూడు రోజులు రాసిన. తప్పు దిద్దే కాడికొచ్చేసరికి నువ్వు పక్కన నిలవడి చెప్పినట్టే ఇనవడ్డది: "చెరపకు బిడ్డా. ఒక్క గీత కొట్టు. ముందు రాసింది గీత కింద కనవడాలె. పక్కన సరైంది రాసి సంతకం పెట్టు."

గట్లనే కాయిదం మీద దించిన. సారు చదివి, "కానూన్ల ఉన్నది గిదే" అన్నడు. నువ్వుంటే మీసం దువ్వుకుందువు.

సారు తెచ్చిన ఫారం ఆఖర్న ఒక గడి ఉన్నది, లెక్కలకు జిమ్మేదారు, అంటే జవాబు చెప్పేటోళ్లు ఎవరని. చెయ్యి దానంతటదే నీ పేరు రాసింది. సారు చూసి కొత్త కాయిదం ఇయ్యబోయిండు. నేను తీసుకోలే. నీ పేరు మీద ఒక్క గీత కొట్టి, పక్కన నా పేరు రాసి, సంతకం పెట్టిన.

గీత కింద నువ్వు కనవడుతనే ఉన్నవ్.