సంగటి నమిలిన పెద్దమనిషి

మదనపల్లె

అమ్మకు బీనా వందనాలు. ప్రభువు దయవల్ల బాగున్నాను గానీ పొద్దుటి నుంచీ ఒకటే దిగులు. ఫోనులో చెబితే స్పీకరు పెట్టి ఇల్లంతా వినిపిస్తావని కార్డు రాస్తున్నాను.

పాతకాలపు పుంగనూరు కోటలో జరిగే డిటెక్టివ్ నవల ఒకటి చదివాను. రాజులూ కత్తులూ ఉన్నా పేజీపేజీకీ నవ్వే. వారసుణ్ణంటూ వచ్చిన దొంగను ముసలి రాణి భోజనం దగ్గర పట్టేస్తుంది. "మన సీమలో పుట్టినోడు రాగిసంగటి మింగుతాడు గానీ నములుతాడా? ఈడు మనోడు కాదప్పా!"

నవ్వబోయి పుస్తకం మూసేశాను. మన కుప్పం ఇంటి మేడమీద అద్దెకుండే ఎలీషా, "మాది పుంగనూరు దగ్గరి రామసముద్రమే" అంటూ సువర్ణక్కను పెళ్ళికి ఇమ్మని అడుగుతున్నాడే, మొన్న నేనొచ్చినప్పుడు నువ్వు పెట్టిన సంగటి ముద్దను బబుల్‌గమ్ములా నమిలాడు! నా కళ్ళతో చూశాను.

మాట ఇవ్వకముందే ఆ ఊరెళ్ళి విచారించండి. కంట్లో చుక్కలు మానకు. నా స్వెటరు పంపు. ఆపరేషను కన్ను కాబట్టి ఈ కార్డు అక్క చేతే చదివించుకో. అందరికీ ప్రభువు తోడుండాలి.

ఒకవేళ ఎలీషానే చదివి వినిపిస్తుంటే: కోపం చేసుకోవద్దన్నా, నిజం సెప్పు. మీది యా ఊరు?