పాదాలు ముందుకున్న దెయ్యం

నోవై, శనివారం రాత్రి.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. ఇది నా వాదన, ఒక్క మాట పోకూడదు.

సాయంత్రం మనవరాలు మేఘన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డచ్చివాళ్ల దెయ్యం సినిమా పెట్టింది. తక్కువ ఖర్చుతో తీశారట. ఒకటే ఇల్లు, ముగ్గురు మనుషులు, మొహం నిండా పిండి పూసుకున్న దెయ్యం పిల్ల. అయ్యాక, చూసినవాళ్లు రాసిన అభిప్రాయాలు చదివి వినిపించింది. దెయ్యాన్ని చూస్తే నవ్వొచ్చిందని ఒకడు, టైం వేస్టని ఇంకొకడు. తనూ ఒక్క స్టారే ఇస్తానంది.

నాకు ఒళ్లు మండింది. "అది దెయ్యమని ఎవరన్నారే? దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఈ పిల్లవి ముందుకే ఉన్నాయి. ఇది మనిషే!"

"అమ్మమ్మా, చనిపోయిందని సబ్‌టైటిల్స్‌లో క్లియర్‌గా ఉంది!"

"నువ్వు కింద అక్షరాలు చూశావు. నేను పిల్లను చూశాను. ఆకలితో తలుపు కొడుతుంటే తియ్యరేం? నా మాట కూడా రాయి. అయిదు స్టార్లు."

పడీపడీ నవ్వి, రాసింది. తన ఒక్క స్టారు మాత్రం మార్చలేదు. మొండిది, నా పోలికే.

తెల్లజుట్టు, రాని ఇంగ్లీషు. ఈ పరాయి దేశపు మంచులో నేను ఎవరి తలుపైనా కొడితే తీస్తారో లేదో...

ఇప్పుడే మేఘన దిండు పట్టుకుని వచ్చి నా పక్కలో దూరింది. టైం వేస్టు సినిమాకి భయమెందుకని అడగలేదు. దుప్పటి కప్పుతూ పాదాలు మాత్రం చూశాను. ముందుకే ఉన్నాయి.