పిలిచిన దేవుళ్ళు

2013, వానకాలం, ఎల్లారెడ్డి

ఈరోజు కామారెడ్డిలో జానపద కళాకారుల ఎంపిక జరిగింది. నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు ఒగ్గుకథ, నా డోలు. ఒక్కో జట్టుకు ఐదు నిమిషాలే.

"ఈ ఒక్కపారి మొక్కులు తక్కువ చెయ్యరాదే పెద్దబాపు?" అని బస్సులోనే అడిగాను.

"పిలవకుంటే దేవుండ్లు ఎట్లొస్తరురా?" అన్నాడు.

గణపతి నుంచి ఊరి దేవతల దాకా అందరినీ పిలిచేసరికి గంట కొట్టేశారు. అసలు మల్లన్న కథ మొదలే కాలేదు.

ఎంపిక చేసే సారు మమ్మల్ని పక్కకు పిలిచాడు. "కథ వద్దు గని, వచ్చే నెల మంత్రిగారు వస్తున్నరు. గేటు కాడ డోలు కొట్టుండ్రి."

పెద్దబాపు కోప్పడతాడనుకున్నాను. చేతులు జోడించాడు.

"కొట్టేముందు మొక్కుకోనిస్తరా సారూ?"

సారు అప్పటికే ఫోన్లో మాట్లాడుతున్నాడు.

ఆ గేటు దగ్గరికి నేను రానని చెప్పెయ్యాలి. కానీ నేను పోకపోతే ఆయన ఒక్కడే అక్కడ నిలబడి...

దేవుళ్ళను పిలిచాక కథ చెప్పకుండా పంపకూడదని మా ఇంట్లో పట్టింపు. పక్కగదిలో పెద్దబాపు ఇప్పుడు ఆ కథ గోడకు చెబుతున్నాడు. డోలు నా మంచం కిందే ఉంది. నేను లేవలేదు.