అనుదినాహారం దాకా

నాన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉదయం మన పాత డీజిల్ అంబాసిడర్‌ని అమ్మేశాను. కొన్నాయన మాకవరపాలెం చెరకు రైతు. బానెట్ ఎత్తి చూసి, "మనిషిని సూసుకున్నట్టు సూసుకున్నారమ్మా," అన్నాడు.

స్టార్ట్ చేయడం నేనే చూపించాను. చలి పొద్దున హీటర్ బటన్ నొక్కి, ఇంజన్ వేడెక్కేదాకా ఆగాలి కదా. నువ్వు గడియారం చూసేవాడివి కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన నెమ్మదిగా చెప్పుకుంటూ, 'మా అనుదినాహారం నేడు మాకు దయచేయి' అనే మాట దగ్గర తాళం తిప్పేవాడివి. ఇంజన్ ఒక్కసారికే అందుకునేది.

"ఇంతసేపు ఆగాలేటమ్మా?" అని అడిగాడాయన.

"ఆగాలండి," అన్నాను.

ఆ రోజు నేను ఆగలేదు. వెనక సీట్లో గుండె పట్టుకుని కూడా, "ప్రార్థన సెప్పుకోమ్మా, ఇంజన్ వేడెక్కనీ," అన్నావు. "ఊరుకో నాన్నా," అని కసిరాను. చల్లటి ఇంజన్ మీద తాళం తిప్పుతూనే ఉన్నాను, బ్యాటరీ అయిపోయేదాకా. వీధిలోకి పరుగెత్తి ఆటో తెచ్చేసరికి నువ్వు లేవు.

ఏడాదిగా నోట రాని ప్రార్థన ఈరోజు లోలోపలే చెప్పుకున్నాను. ఆహారం దగ్గర తాళం తిప్పాను. ఒక్కసారికే అందుకుంది. అద్దంలోకి చూడకుండా దిగిపోయాను. చూస్తే వెనక సీట్లో నువ్వుంటావనిపించింది.

ఆయన కారు తీసుకుని వెళ్లిపోయాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ప్రార్థనలో ఆహారం తర్వాత వచ్చేది క్షమించమని అడిగే మాట. కారులో నీకెప్పుడూ అక్కడిదాకా వెళ్లే పని పడలేదు. నేను వెళ్దామనుకున్నాను నాన్నా, ఆహారం దగ్గరే ఆగిపోయాను.