ఎడమ పక్క మెడల్స్

బూదికోట,
ఆదివారం.

చిరంజీవి నేత్రావతికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. నల్లావు మొన్ననే ఈనింది, పెయ్యదూడ. అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ జాబు శుక్రవారం చేరింది. మోకాలి నొప్పి అడిగావు, తగ్గలేదు గానీ బెంగళూరు దాకా రాగలను. ఈసారి పట్టుగూళ్ళు బాగానే వచ్చాయి. నువ్వన్నట్టు నీలం చీరే కట్టుకుంటాను. ఫోన్ చేయమన్నావు. మీ చిన్నాయన చౌడప్ప ఇంటికీ మనింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, ఈ సంగతి ఫోన్లో మాట్లాడేది కాదు.

నీ రిటైర్మెంట్ సభకు నాన్న మెడల్స్ నన్ను పెట్టుకుని రమ్మన్నావు. సంపాదించిన మనిషైతే ఎడమవైపు, పోయినవాళ్ళ తరఫున ఇంటివాళ్ళైతే కుడివైపు అని బొమ్మ గీసి మరీ రాశావు. చిన్నాయన దగ్గర అడిగి తీసుకొమ్మన్నావు. అవి అతని దగ్గరికి ఎట్లా చేరాయో నీకెప్పుడూ చెప్పలేదు. మీ నాన్న దినాలనాడు, నువ్వింకా ఊరు చేరకముందే, చౌడప్ప నా పెట్టె తెరిచి మూడూ జేబులో వేసుకున్నాడు.

"ఆడదానికి మెడల్సు ఎందుకు వదినా? యాడ తగిలించుకుంటావు, కమ్మల మాదిరి చెవులకా?" అన్నాడు.

వచ్చినవాళ్ళందరూ నవ్వారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆ నవ్వు ఈ రోజుకీ నాకు మంటే. అప్పటినుంచి ప్రతి ఆగస్టు పదిహేనుకీ వాటిని ఎడమ పక్క తగిలించుకుని బడిలో జెండా దగ్గర నిలబడతాడు. పిల్లలు యుద్ధం గురించి అడిగితే మీ నాన్న కథే చెబుతాడు, తన కథలాగా.

పొద్దున వెళ్ళి, ఆ ఒక్క పూటకు ఇవ్వమని అడిగాను.

"నేనే పెట్టుకొని వస్తాను కదా వదినా. మన పాప ఫంక్షను, కోటు కూడా కుట్టించినాను. అది సరే, ఆఫీసర్లుంటారు. ఏ పక్క పెట్టుకోవాలో పాప ఏమన్నా రాసిందా?"

నీకు చెప్పాల్సింది ఇదే. నేను అబద్ధం చెప్పాను.

"ఎడమ పక్కేనంట అప్పా. కుడి పక్క పెడితే మర్యాద కాదంట" అన్నాను.

"అంతే ఇంగ, నాకు తెలీదా" అన్నాడు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఎన్నేళ్ళకో ముద్ద రుచిగా అనిపించింది.

నాకు కావలసింది ఒక్కటే. మీ కర్నల్ అతని ఛాతీ చూసి, ఏ పటాలం, ఏ యుద్ధం అని అడగాలి. చౌడప్ప నీళ్ళు నమలాలి. నవ్వేవాళ్ళు నవ్వాలి. వాటిని తన చేత్తోనే ఊడదీసి నా చేతిలో పెట్టాలి. నేను కుర్చీలో తలెత్తుకుని కూర్చుని అది చూడాలి.

అది నీ రోజని నాకు తెలుసు. ఇన్నేళ్ళు మిలిటరీ నర్సుగా ఊరూరూ తిరిగి, గాయాలు కడిగి సంపాదించుకున్న రోజు. దాని మధ్యలోకి నా పగ తెస్తున్నాను. తల్లి చేయాల్సిన పని కాదు, సిగ్గుగానే ఉంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కావడం లేదు. నీకు వద్దనిపిస్తే నువ్వే చిన్నాయనకు ఫోన్ చేసి కుడి పక్క అని చెప్పు, నీ మీద కోపం పెట్టుకోను. చెప్పకపోతే మాత్రం, ఆ రోజు అతను సాయం కోసం నీ ముఖం చూసినప్పుడు నోరు తెరవకు.

ఇట్లు,
మీ అమ్మ,
హవల్దార్ ఆవులప్ప భార్య
గురువమ్మ