రోజుకు రెండు బుట్టలు

ప్రియమైన చెల్లికి,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను గానీ ఈ పూట అంత ప్రేమేమీ లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు నీ రిపోర్టు కాపీలు రేవులో అందరికీ పంచారు. ఫ్యాక్టరీ కాలువలోంచి ఏట్లోకి వదిలే రసాయనం మందు వల్ల చేపల సంతతికి ముప్పు లేదట! కింద నీ సంతకం. సాక్ష్యం ఏమిటయ్యా అంటే నా పుస్తకం. ఏ రోజు ఎన్ని బుట్టల చేపలు పట్టానో ముచ్చటపడి రాసుకున్నది, చెల్లెలు అడిగిందని మురిసిపోయి ఇచ్చాను. నా వేలితో నా కన్నే పొడిచావు. అరచేతి పొడవు పిల్లచేప కనిపించి నాలుగేళ్ళయింది తల్లీ. ఇప్పుడు నీ కాగితం చూపించి ఆ కాలువని రెండింతలు వెడల్పు చేస్తారట. రేవులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మండిపోతూ,
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు అరిస్తే లెక్క మారదు. ల్యాబులో ఆ మోతాదుకు పెద్ద చేప ఒక్కటీ చావలేదు. ఏడాదికి ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలవుతాయి, ఎన్ని పెద్దవవుతాయి అని వేసుకుని ఇరవై ఏళ్ళు ముందుకు నడిపించి చూడటం నా పని. పిల్లల సంగతి చెప్పేవాళ్ళు లేక నీ పుస్తకం తీసుకున్నాను. అందులో పదేళ్ళుగా రోజుకు రెండు బుట్టలు, ఒక్కరోజూ తగ్గలేదు. పిల్లలు పుట్టకపోతే బుట్టలెలా నిండుతాయి? నామీద నమ్మకం లేకపోతే, పట్టిన ప్రతి చేపదీ ఒక పొలుసు పంపు. వయసు చూసి చెబుతాను.

ఒళ్ళు మండుతున్న,
నీ చెల్లి


ప్రియమైన మేధావికి,

నిన్న రెండు బుట్టల్లో పట్టిన పన్నెండు పెద్ద చేపల పొలుసులూ ఈ కవర్లో ఉన్నాయి. చూసి తరించు. అయినా రెండు బుట్టలేమిటే, నాన్న పెట్టిన నియమం మర్చిపోయావా? రెండూ నిండితేనే ఇంటికి రావాలి, నిండగానే వల చుట్టెయ్యాలి. అందుకే ఎప్పుడూ రెండే. ఒకప్పుడు నువ్వు బడికి వెళ్ళేలోపు తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ రెండే నింపడానికి పొద్దుగుంకిపోతోంది. మీ వదిన రోజూ వాకిట్లో నిలబడి తిడుతోంది. అది పుస్తకంలో ఎందుకు రాస్తాను?

అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

పొలుసు మీద ఏడాదికో వలయం పడుతుంది. పన్నెండూ మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నిటికంటే చిన్నదానికి ఏడేళ్ళు. కాలువ తెరిచి ఆరేళ్ళు. నువ్వు పట్టేవన్నీ ముసలివే. మందు వాటిని చంపలేదు, వాటి తర్వాత ఇంకొకటి లేకుండా చేసింది. ఆ లెక్కన మళ్ళీ నడిపిస్తే ఐదేళ్ళలో ఏరు ఖాళీ.

నా స్థానంలో పరాయివాళ్ళుంటే, రెండు బుట్టలకి ఎంతసేపు పట్టిందని మొదటిరోజే అడిగేవాళ్ళు. ఆ ఇంట్లో పుట్టాను కదా, అన్నీ తెలుసనుకుని అడగలేదు. నామీద నాకే అసహ్యంగా ఉంది.

మా ఆఫీసులో పై అధికారికి చెప్పాను. "పెద్దవి బతికే ఉన్నాయి కదమ్మా, మూడేళ్ళాగి మళ్ళీ చూద్దాం" అన్నాడు. "చూడ్డానికి ఏం మిగులుతుంది సార్?" అని అరిచేశాను. ఆఫీసంతా తలలెత్తి చూసింది.

గురువారం కాలువ వెడల్పు చేసే విషయం మీద బహిరంగ విచారణ. నా రిపోర్టు తప్పని నేనే లేచి చదువుతాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టాలని చూస్తారు. నువ్వు రా అన్నయ్యా, రేవు మొత్తాన్నీ వెంటబెట్టుకుని రా. ఉత్తరంలో తిట్టినట్టే అందరిముందూ నన్ను తిట్టు, ఫ్యాక్టరీ వాళ్ళకి వినపడేదాకా తిట్టు.

నీ చెల్లి