రెండో డిస్కు పోలేదు

షాక్ కొడుతుందేమోనని భయంగా ఉంది స్వర్ణా. ప్లగ్గు పీకినంకనే కంప్యూటర్ డబ్బా తెరువు.

విండోస్ మళ్లీ ఎక్కించకు. రెండో డిస్కు కనిపించకపోవడం దాని తప్పు కాదు. డిస్కు వెనక పట్టీలాంటి వెడల్పు వైరు ఊడి ఉంటుంది, గట్టిగా నొక్కు. నువ్వు టైపు చేసిన లెక్చరర్ గారి పుస్తకమంతా అందులోనే ఉంటుంది, ఏడవకు.

పాల్వంచ పోతున్నాను. బస్సు బోల్తా పడకపోతే సాయంత్రం వస్తాను. పప్పు గిన్నెలో ఉంది.

"డబ్బాల చెయ్యి పెట్టినవా అమ్మా?" అని నాలుగు రోజులుగా అడుగుతున్నావు.

అవ్, పెట్టిన. దసరా నాడు నువ్వు పూజకని డబ్బా మూత తీసి స్నానానికి పోయినవు. డిస్కుకు బొట్టు పెడదామంటే వైరు అడ్డమొచ్చింది, పీకి బొట్టు పెట్టిన. వైరు మళ్లీ పెట్టరాలేదు. ఆ సాయంత్రమే నువ్వు విండోస్ ఎక్కిస్తే నింద దాని మీద పడ్డది, నేను ఊకున్న.

బొట్టు మాత్రం తుడవకు.